నొప్పికి తారీఖులు రాయండి
(నల్లగొండలో ఆశా, ఏఎన్ఎంల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. శాలువాలు తర్వాత చూద్దాం. నాట్ల టైంల పనులు ఆపుకొని వచ్చిండ్రు, సూటిగ విషయానికొస్త.

ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి లోపలి పొరలాంటిదే బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరుగుడు. నెలనెలా అది కూడా ఉబ్బుతది, రక్తం కారుతది, పోయే దారి ఉండదు. వాపొస్తది, అవయవాలు అతుక్కుంటయి. స్కానింగ్‌ల ఏం కనబడకపోవచ్చు. అంతమాత్రాన ఆ పిల్ల నొప్పి అబద్ధమైతదా?

ఫోన్ల చూసి ‘గంజాయితో తగ్గుతదంట గదా’ అని అడుగుతున్నరు. ఆస్ట్రేలియాల 484 మందిని అడిగిన సర్వేల, వాడినోళ్లు మంచిగ పనిచేసిందనే చెప్పిండ్రు. అది వాళ్ల అనుభవం, మందు లేని ఉత్త మాత్రతో పోల్చి తేల్చింది కాదు. అక్కడ డాక్టర్లు రాసేదైతే గంజాయిల మత్తెక్కించే టీహెచ్‌సీ ఎంత, మత్తెక్కించని సీబీడీ ఎంత అని సీసా మీద రాసిన నూనె మందు. డాక్టర్లు టీహెచ్‌సీ రాత్రిపూట 2.5 మిల్లీగ్రాములు, ఇంకా తక్కువతోనే మొదలుపెట్టి మెల్లగ పెంచుతరు. మింగిన నూనె పనిచేయనీకె గంట, రెండు గంటలు పడ్తది. పనిచేయలేదని మళ్ల మింగితే రెండు మోతాదులూ ఒక్కసారే ఎక్కుతయి. గుండె దడ, తల తిరుగుడు, భయం. పిల్లల కోసం చూసేటోళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముట్టొద్దు. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేటోళ్లకు సీబీడీతో రక్తస్రావం ముప్పు.

బయట దొరికే పొట్లంల ఎంతుందో, ఏం కలిసిందో ఎవరికీ తెల్వదు. 1985 మత్తుమందుల చట్టం కింద కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు. ఆకుతో చేసే ఆయుర్వేద ‘విజయ’ మందులు వేరే, అవి కూడా డాక్టర్ రాస్తేనే.

అసలు బాధ ఇంకోటుంది. ‘గర్భసంచి తీసేయిస్తే పీడ పోతది’ అంటరు. అక్కలారా, పేగుల మీద మిగిలిన పొర ఎక్కడికి పోతది? అండాశయాలు కూడా తీస్తే చిన్న వయసులనే ఎముకలు గుల్లబారుతయి. ఇది ఫ్లోరైడ్ జిల్లా, నడుము నొప్పి అనంగనే నీళ్ల మీద తోస్తరు. ఫ్లోరైడ్ నొప్పి తారీఖులు చూసి రాదు.

ముందు చేతిలున్నయి సరిగ వాడాలె. నొప్పి మాత్ర డాక్టర్‌నడిగి ముట్టుకు ఒకరోజు ముందే, అన్నం తిన్నంక. ఈ జబ్బుకిచ్చే హార్మోన్ మాత్ర డైనోజెస్ట్ రాస్తే రోజూ 2 మిల్లీగ్రాములు, ఒకటే టైంకు. మొదటి నెలల్ల చుక్క చుక్క రక్తం కనబడ్తది, మందు పడలేదని మానేసేది అక్కడనే.

క్యాలెండర్ మీద మూడు నెలలు రాయించుండ్రి: ముట్టు తారీఖు, నొప్పి పదికి ఎంత, దొడ్డికి పోతే నొస్తదా, భర్తతో కలిస్తే నొస్తదా, ఎన్ని మాత్రలు. కలిస్తే నొస్తదా అన్నది అత్త ముందు అడగకుండ్రి, పక్కకు తీస్కపోయి అడుగుండ్రి.