దీపం వెలగని రాత్రి: పాత యుద్ధ శీర్షికలకు కొంటె చరిత్ర

శ్రోతలకు నమస్కారం.

1914 సెప్టెంబరులో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక బంగాళాఖాతంలో ఇండస్ అనే ఓడను పట్టుకుని ముంచేసింది. ఆ ఓడలో సబ్బుల పెట్టెలున్నాయి. ముంచే ముందు జర్మన్ నావికులు వాటిని తమ ఓడలోకి చేరవేసుకున్నారు. తర్వాత ఆ సబ్బుల కంపెనీ కలకత్తా పత్రికలో ఒక ప్రకటన వేయించింది. ఎమ్డెన్ ఆ ఓడ వెంటపడింది మా సబ్బు కోసమే, ఇప్పుడు ఆ నావికులూ వాళ్ల బట్టలూ శుభ్రంగా ఘుమఘుమలాడుతున్నాయి, మీరూ వాడి చూడండి అని దాని సారాంశం.

యుద్ధవార్త అదే, ఓడ అదే. కారణం ఒక్కటి మార్చారు, అదీ మొహంలో నవ్వు కనిపించనీయకుండా. పాత యుద్ధకాలపు శీర్షికను తీసుకుని, ఇలా కాక అలా జరిగి ఉంటే పత్రిక ఏమని అచ్చేసేదో రాసి నవ్వించడం కూడా ఇదే విద్య. తేలికనుకుని చేయిపెట్టినవాళ్లు ఎక్కువగా మొదటి మెట్టు మీదే జారిపడతారు. ఎక్కడ జారతారో చూడటానికి ఎమ్డెన్‌నే పట్టుకుందాం. మన రేవు దాకా వచ్చిన ఓడ కదా.

ముందు అసలు జరిగింది చెప్పుకోవాలి. అది వినేవారికి తెలియకపోతే మార్చిన ముక్క ఏదో తెలియదు, నవ్వూ రాదు. 1914 సెప్టెంబరు 22, రాత్రి తొమ్మిదిన్నర దాటింది. బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగి సరిగ్గా ఏడు వారాలు. అయినా మద్రాసు రేవులో దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. అప్పట్లో లైట్‌హౌస్ దీపం హైకోర్టు గోపురం మీద ఉండేది, అదీ వెలుగుతూనే ఉంది. ఎమ్డెన్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్‌కు ఇంకేం కావాలి? ఒడ్డుకు మూడు కిలోమీటర్ల లోపుకు వచ్చి, సర్చిలైటు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ టాంకుల మీద సుమారు 130 గుండ్లు పేల్చాడు. మూడు లక్షల గ్యాలన్లకు పైగా చమురు తగలబడింది. ఒడ్డు మీది ఫిరంగులు జవాబిచ్చాయి గానీ ఒక్క గుండూ తగల్లేదు. అరగంటలో పని ముగించుకుని దీపాలార్పి చీకట్లో కలిసిపోయాడు. కనీసం ఐదుగురు చనిపోయారు. ఊళ్లోంచి వేలమంది మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోయారు. తమిళంలో ఇప్పటికీ గట్టి ఘటికుణ్ణి ఎమ్డెన్ అంటారు.

ఆంధ్రపత్రిక మద్రాసులో దినపత్రికగా మారి అప్పటికి ఆరు నెలలైనా కాలేదు. అలాంటి ఒక తెలుగు దినపత్రిక శీర్షికను మనం ఊహించుకుందాం.

అందరికీ ముందు తట్టేది ఇది: "చెన్నపురి కోటపై జర్మను పతాకము." పేలదు. ఓడలో ఉన్నది సుమారు 360 మంది, ఊళ్లో ఐదు లక్షల జనం. పైగా ఆ ఓడ బొగ్గుతో నడిచేది. బొగ్గు ఓడను వెంటేసుకుని తిరగాలి, సముద్రం మధ్యలో గంపలతో బొగ్గు మోసుకోవాలి. కోటలో కాపురం పెట్టే తీరిక దానికెక్కడిది? చరిత్ర తెలిసినవాడు పెదవి విరుస్తాడు, తెలియనివాడు నిజమేననుకుంటాడు. ఇద్దరిలో ఎవరూ నవ్వరు.

అందుకని మార్పు ఒక్కటే ఉండాలి, అదీ వీలైనంత చిన్నది. దాన్ని ముందుగా కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకోవాలి. మన వాక్యం: ఆ రాత్రి దీపాలు వెలగలేదు. ఇక అసలు ప్రశ్న వేసుకోవాలి. మర్నాడు పత్రికాఫీసులో ఉన్న సబ్ ఎడిటర్‌కు ఏం తెలుస్తుంది? ఎమ్డెన్ వచ్చిందని తెలియదు. దీపాలు కనబడక, టాంకులు ఎటున్నాయో తేలక వెనుదిరిగిందనీ తెలియదు. చాలామంది తప్పేది ఇక్కడే. తమకు తెలిసిందంతా శీర్షికలో కక్కేస్తారు: "దీపము లేకపోవుటచే చెన్నపురి రక్షింపబడెను" అని. పత్రికకే అంతా తెలిసిపోతే పాఠకుడికి మిగిలేదేముంది? మర్నాటి పత్రికలో రావలసింది ఇదీ:

"రేవు దీపము వెలిగింపని యుద్యోగిపై విచారణ." దాని కింద కాస్త చిన్న అక్షరాల్లో, "జాలరులకు గలిగిన యిక్కట్లు." ఇంకా చిన్న అక్షరాల్లో, "జీతమున నెనిమిదణాల కోత."

నగరాన్ని కాపాడినవాడికి ఎనిమిదణాల జరిమానా. ఆ సంగతి అతనికి తెలియదు, దొరలకు తెలియదు, పత్రికకూ తెలియదు, మనకొక్కరికే తెలుసు. చచ్చిపోయిన ఐదుగురి మీద ఇందులో పరిహాసం లేదు, నవ్వంతా ఆఫీసు కాగితాల మీదే. యుద్ధం మీద హాస్యం రాసేవాళ్లు ఈ గీత దాటకపోవడం మంచిది.

భాష దగ్గర కూడా కాళ్లు జారతాయి. 1914 శీర్షికలో "మొదటి ప్రపంచ యుద్ధం" అని రాస్తే కొంప మునిగినట్లే. రెండోది వస్తుందని అప్పుడెవరికి తెలుసు? "ఐరోపా మహాసంగ్రామము" అనాలి. చెన్నై అనకూడదు, చెన్నపురి అనాలి. లీటర్లు వద్దు, గ్యాలన్లు. పైగా గ్రాంథికం. "లైట్లేయని ఉద్యోగి" అంటే సగం నవ్వు అక్కడే చచ్చిపోతుంది. సీసపు అక్షరాలు చేత్తో పేర్చే రోజులవి, ఇరుకు కాలమ్‌లో పెద్ద అక్షరాలు పట్టేవి కొన్నే. అందుకే పై శీర్షిక నాలుగైదు మాటలు దాటకూడదు, మిగతాది ఉపశీర్షికల్లోకి దించాలి. గంభీరమైనది పైన, అల్పమైనది అడుగున. చివరి పంక్తిలోనే పేలాలి.

ఒక్కోసారి అసలు పత్రికలే మన పని చేసిపెట్టాయి. 1918 నవంబరు 7న, ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవు నుంచి యునైటెడ్ ప్రెస్ అధిపతి రాయ్ హోవర్డ్ పంపిన తంతిని నమ్మి, యుద్ధం అయిపోయిందని అమెరికా పత్రికలు అచ్చేశాయి. న్యూయార్కు వీధుల్లో జనం చిందులేశారు. యుద్ధం నిజంగా ఆగింది నాలుగు రోజుల తర్వాత. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 అక్టోబరులో, ఫార్మోసా (ఇప్పటి తైవాన్) దగ్గర అమెరికా విమానవాహక నౌకలను 11 ముంచేశామని జపాన్ ప్రకటించింది. మునిగినవి సున్నా. క్రూయిజర్లనే ఓ రకం యుద్ధనౌకలు రెండు మాత్రం బాగా దెబ్బతిన్నాయి. దానికి అక్కడి అమెరికా నౌకలను నడిపిన అడ్మిరల్ హాల్సీ ఇచ్చిన జవాబును అమెరికా నౌకాదళం బయటపెట్టింది. టోక్యో రేడియో ముంచేసిన మా ఓడలన్నిటినీ పైకి లేపాం, అవిప్పుడు శత్రువు వైపే శరవేగంతో వెనుదిరుగుతున్నాయి అని. ఆ వాక్యానికి మనం కలపగలిగిందేమీ లేదు.

ఇంకొక జాగ్రత్త. ఈ రోజుల్లో పాత కాగితం రంగు పూసి ఇలాంటి శీర్షికను ఫోన్లలో వదిలితే, వారం తిరక్కుండా అది చరిత్రైపోతుంది. కత్తిరించినా పోని చోట, అంటే శీర్షికను ఆనుకుని, జరగడానికి వీల్లేనిది ఒకటి పెట్టండి. తేదీ సులువు. ముప్ఫై రోజుల నెలకు ముప్ఫై ఒకటో తారీఖు వేస్తే చాలు.

ఎమ్డెన్ కథ 1914 నవంబరు 9న హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల దగ్గర ముగిసింది. అక్కడి వైర్‌లెస్ స్తంభాన్ని కూల్చడానికి జర్మన్లు ఒడ్డున దిగారు. స్టేషన్ సిబ్బంది వాళ్లనొక కోరిక కోరారు: దయచేసి మా టెన్నిస్ కోర్టు మీద పడకుండా కూల్చండి. సరేనని అలాగే పక్కకు కూల్చారు. అప్పటికే స్టేషన్ నుంచి కబురు వెళ్లిపోయింది. సిడ్నీ అనే ఆస్ట్రేలియా క్రూయిజర్ వచ్చి, ఎమ్డెన్‌ను చితక్కొట్టి పగడపు దిబ్బ మీదకు ఎక్కించింది. ఇందులో మార్చడానికి మిగిలింది ఒక్కటే, స్తంభం పడిన దిక్కు. మార్చి చూద్దాం.

"కోకోసు దీవి, నవంబరు 31. టెన్నిసు పందెము నిరవధికముగ వాయిదా. ఆటస్థలముపై స్తంభము కూలుట. క్రీడాకారుల తీవ్ర నిరసన. సమీపమున నొక జర్మను నౌక గట్టెక్కినట్లు భోగట్టా."

నమస్కారం.