ఆ గొంతులు ఎవరివి?

(దృశ్యం: పర్లాకిమిడి సంత, దూరంగా కొండలు)

నమస్కారమండీ. పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పొలిమేర దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. సంతలో తెలుగు, ఒడియా, ఈ కొండల్లోని సవర గిరిజనుల సవర భాష, మూడూ వినిపిస్తాయి.

సవరలో మాట్లాడితే తెలుగులోకి మార్చే యాప్ ఒక పోటీ కోసం చేస్తామని మా కాలేజీ పిల్లలు వచ్చారు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగారు. ముందు గిడుగు రామమూర్తి పంతులు గారి సంగతి వినండర్రా అన్నాను.

(దృశ్యం: గిడుగు చిత్రం)

1880లో ఆయన ఇక్కడే బడిపంతులుగా చేరారు. అప్పటికి సవరకు లిపి లేదు. రెండు భాషలూ వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, సొంత ఖర్చుతో నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. ఆ రోజుల్లో అది ఎంత కొత్త పనో ఆలోచించండి! కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది. క్వినైన్ మింగీ మింగీ వినికిడి పోయింది. ఇంకొకరి మాట వినడానికే వెళ్లిన మనిషికి! ఇది చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలు అచ్చువేయించి, ఆయనకు డబ్బు ఇవ్వబోయింది. నాకొద్దు, దాంతో సవర పిల్లలకు బడి పెట్టండి అన్నారు.

కష్టం తన మీద వేసుకున్నారు. ఫలం ఆ మాటలు ఎవరివో వాళ్లకే ఇచ్చారు. మనమేమో యాప్‌కి భాష నేర్పడానికి వాళ్ల గొంతులు ఉచితంగా రికార్డు చేసుకుని, పోటీ బహుమతి మనం పట్టుకొస్తాం.

(దృశ్యం: ఫోన్‌లో రికార్డింగ్)

ఒక అవ్వను తెలుగులో అడిగితే మొహమాటానికి సరే అనేస్తుంది. ఆమె గొంతు ఎక్కడికి పోతుందో, ఎవరు వాడుకుంటారో సవరలోనే చెప్పాలి. వద్దంటే చెరిపేయాలి. 1936లో మంగేయి గొమాంగో సవరకు సొంత లిపి తయారు చేశారు. యాప్‌లో ఆ లిపి పెట్టాలా, తెలుగా, ఒడియానా? తేల్చాల్సింది సవరలే.

ఇంకొకటి, దీనికి మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. ఆసుపత్రిలో డాక్టరు ‘సగం మాత్ర’ అంటే యాప్ ‘రెండు మాత్రలు’ అని చెప్పిందనుకోండి. ప్రాణం మీదికి వచ్చేది ఆ అవ్వకే. సవర వచ్చినవాళ్లు పదేపదే పరీక్షించే దాకా మందుల విషయంలో దాన్ని వాడనివ్వకూడదు.

పోటీ గడువు దాటిపోతుందని పిల్లలకు టెన్షన్. దాటనివ్వండి అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆదివారం కొండెక్కుతున్నాం. ఈసారి రికార్డింగ్ లేదు, అడగడానికే వెళ్తున్నాం.