బొటనవేలంత సైనికుడు: సైనిక ప్రతిమల తయారీకి తొలి పాఠం

సభకు నమస్కారం.

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, సున్నం పూత పూసి, అది ఆరిన తరువాతనే రంగులు దిద్దుతారు. సైనిక ప్రతిమల తయారీలో కూడా పని వరుస ఇదే. కాబట్టి ఇదేదో పరాయి విద్య అన్న జంకు మనకు అక్కర్లేదు.

మొదట పరిమాణం సంగతి. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి 1/72 కొలతలో, అంటే అసలు ఎత్తులో 72వ వంతుగా, 24 మిల్లీమీటర్లు, 1/35 కొలతలో 49 మిల్లీమీటర్లు ఉంటాడు. కొత్తగా మొదలు పెట్టేవారు విడి భాగాలుగా పెట్టెలో వచ్చే 1/35 ప్లాస్టిక్ కిట్ తీసుకోవాలని నా సలహా. 1/72 లో ముఖం ఆవగింజ మీద బొమ్మ గీసినంత సూక్ష్మమైన పని. రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే రసాయన పదార్థం) ప్రతిమల్లో వివరాలు మరింత చక్కగా ఉన్నా, వాటిని అరగదీసినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక మాస్కు పెట్టుకుని, ఉప్పుకాగితాన్ని నీటిలో తడిపి రుద్దే అలవాటు కుదిరిన తరువాతనే వాటి జోలికి వెళ్ళాలి. కిట్‌లో నలుగురు సైనికులున్నా ఒక్కరినే తీసి పూర్తి చేయండి.

ప్లాస్టిక్ భాగాలను సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట ఏర్పడే సన్నని గీతను కత్తి అంచుతో గీకి తీసేయాలి. ఇప్పుడు కంటికి ఆనని ఆ గీత రంగు పడగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ప్లాస్టిక్ సిమెంట్ రెండు అంచులనూ కరిగించి ఒకటి చేస్తుంది, కానీ రెజిన్ మీద, లోహం మీద అది పని చేయదు; వాటికి ఫెవిక్విక్ వంటి జిగురు కావాలి. తుపాకీని, వీలైతే తలను కూడా, విడిగా ఉంచి రంగు వేసుకుంటే కుంచె ప్రతి మూలకూ చేరుతుంది.

ఇక ఈ విద్యకు ప్రాణం అనదగిన విషయానికి వస్తాను. నిజమైన మనిషి చొక్కా మీద ముడతల లోతుకు తగ్గట్టు సహజంగానే నీడ పడుతుంది. రెండు అంగుళాల బొమ్మలో ఆ ముడత లోతు మిల్లీమీటరు కూడా ఉండదు కనుక గదిలోని వెలుతురు దాన్ని చూపించలేదు. ఒకే రంగును ఎంత శ్రద్ధగా పూసినా బొమ్మ నిర్జీవంగా కనిపించడానికి కారణం ఇదే. అందుచేత వెలుగునూ నీడనూ మనమే కుంచెతో వేయాలి. రంగుకు ముందు వేసే తొలి పూత అయిన ప్రైమర్‌ను నల్లనిది వేసి, అది ఆరాక తల పైనుంచి మాత్రమే తెల్ల ప్రైమర్‌ను పలుచగా చల్లి చూడండి: టోపీ అంచు కింద, గడ్డం కింద, చంకల్లో నలుపు మిగిలి, భుజాలూ ముక్కూ తెల్లబడతాయి. వెలుగు ఎక్కడ పడుతుందో చెప్పే పటం అప్పుడు మీ చేతికి వచ్చినట్టే. దాని మీద అసలు రంగును పలుచగా పూసి, లోతుల్లో ముదురు ఛాయను, ఎత్తుల్లో లేత ఛాయను పొరలు పొరలుగా పెంచుకుంటూ పోవాలి. లేత ఛాయ కోసం తెలుపు ఒక్కటే కలిపితే ఖాకీ సుద్దలా పాలిపోతుంది. కొంచెం పసుపు ఛాయ ఉన్న లేత రంగు కలపడం మేలు.

గుంటూరు వేసవిలో యాక్రిలిక్ రంగు కుంచె మీదనే ఎండిపోతుంది. మూత ఉన్న పళ్ళెపు డబ్బాలో తడి స్పాంజి పరచి, దానిపై బేకింగ్ కాగితం వేసి రంగు కలుపుకుంటే గంటల తరబడి తడిగా నిలుస్తుంది. వానకాలపు ముసురులో మాత్రం స్ప్రే ప్రైమర్ జోలికి పోవద్దు. గాలిలో తేమ ఎక్కువైతే పూత గరుకు తేలుతుంది.

రంగు సరైనదా కాదా అన్న ప్రశ్నకు సీసా మీది పేరు సమాధానం చెప్పదు. 1914 శరదృతువులో ఫ్రాన్సులో దిగిన భారతీయ సైనికుల ఒంటి మీద ఉన్నది ఎండకాలపు పలుచని నూలు ఖాకీ. ఆ బట్ట ఎండకూ ఉతుకులకూ వెలిసేది, బురదలో నల్లబడేది. ఆ సైనికుడు ఎక్కడ నిలబడ్డాడో, ఎన్నాళ్ళుగా నిలబడ్డాడో తెలుసుకోకుండా కుంచె ముంచకూడదని నేను గట్టిగా నమ్ముతాను. ఇది అతనికి మనం ఇచ్చే గౌరవం కూడా.

పెట్టెల్లో దొరికేవారు ఎక్కువగా ప్రపంచ యుద్ధాల సైనికులే. 1757 జనవరి 24న బొబ్బిలి కోటలో పోరాడిన వీరుణ్ణి చేయాలనుకునేవారు ప్లాస్టిక్ దేహం మీద ఎం-సీల్ వంటి, రెండు ముద్దలను కలిపితే గట్టిపడే పుట్టీతో తలపాగా, నడికట్టు మలచుకోవలసి వస్తుంది. పుట్టీ గట్టిపడే లోపు తడి సూదితో మడతలు దిద్దాలి. కత్తి పిడి, డాలు వంపు ఊహించి చేయకండి. విజయవాడలోని మన బాపు మ్యూజియంలో పాత కత్తులు, డాళ్ళు, కవచాలు ఉన్నాయి. నోటు పుస్తకం తీసుకుని వెళ్ళి, పిడి పొడవుకు అలుగు ఎన్ని రెట్లు ఉందో కంటితో అంచనా కట్టి గీసుకుని, ఆ నిష్పత్తినే మీ సైనికుడి చేతికి ఇవ్వండి.