గుండె చెరువైందంటే చెరువే గీస్తుంది

(పాటల సాహిత్యం నుంచి కృత్రిమ మేధతో బొమ్మలు చేయించుకోవడం గురించి, కడపలో జానపద గాయకులు, వీడియోలు చేసే యువతీయువకుల ఎదుట చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

పాట రికార్డింగ్ అయిపోయింది, యూట్యూబ్‌లో పెట్టాలి, షూటింగ్‌కు డబ్బుల్లేవు. ఇక్కడ కూర్చున్న వాళ్ళలో చానామంది అవసరం ఇదే. చరణాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్ళి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే బొమ్మైతే వస్తుంది. మీ పాటకు మాత్రం అతకదు. ఎందుకు అతకదో తెలిస్తే సగం పని అయినట్టే.

ఈ నాలుగు పాదాలు చూడండి. ఈ సభ కోసమే కట్టినవి:

చినుకు రాలని యేడు చేను బీడాయె
ఎదురు చూసిన కళ్ళు ఏరులై పారె
గంప నెత్తిన బెట్టి గట్టు దిగే పిల్ల
గుండె చెరువాయెనే, గొంతు ఎండెనే

మాటల నుంచి బొమ్మలు గీసే స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి మోడళ్ళలో దీన్ని తెలుగులోనే పెడితే ఏమవుతుంది? 2022లో వచ్చిన ఆ మోడల్, 2023లో వచ్చిన ఎక్స్‌ఎల్ రకం, రెండూ మన మాటల్ని క్లిప్ అనే భాగం ద్వారా చదువుతాయి. దాని పరిమితి 77 టోకెన్లు. టోకెన్ అంటే అది మాటల్ని కోసుకుని చదివే ముక్క. మొదలుకు, చివరకు చెరొకటి పోతే మనకు మిగిలేది 75. అది ఎక్కువగా ఇంగ్లీషు మీద తయారైంది. మామూలు ఇంగ్లీషు మాట ఒక్క టోకెన్‌లో సరిపోతుంది. తెలుగులో ఒత్తులు, గుణింతాలు సహా ప్రతి గుర్తూ కంప్యూటర్ లెక్కలో మూడు బైట్లు కాబట్టి, మాటను చిన్నచిన్న ముక్కలుగా చిదిపేస్తుంది. చరణం పూర్తికాకముందే కోటా అయిపోతుంది. లోపలికి పోయిన ముక్కలకు కూడా దానికి అర్థం తెలియదు. అయినా ఎర్రర్ చూపించదు, ఏదో ఒక అందమైన అమ్మాయి బొమ్మ ఇచ్చేస్తుంది. అక్కడే మోసపోతాం.

చాట్‌జీపీటీ, జెమినై వంటివి తెలుగు బాగానే చదువుతాయి. వాటితో వచ్చే చిక్కు వేరు. పాట చదివి, వివరణను అవే సొంతంగా రాసుకుంటాయి. ఆ వివరణలో మన సీమ పల్లె కాస్తా ఏదో ఒక భారతీయ గ్రామం అయిపోతుంది: ఏటవాలు పెంకుటిల్లు, కొబ్బరిచెట్లు, పచ్చటి వరిమడి. కరువు పాటకు వరిమడా!

కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవక ముందే నోటుబుక్కులో మూడు గళ్ళు గీసుకోండి. మొదటి గడిలో కంటికి కనిపించేవి, రెండో గడిలో చోటు, వేళ. మూడో గడిలో పోలికలు, భావాలు. మన పాదాల్లో మొదటి గడికి వచ్చేవి గంప, గట్టు, పిల్ల, అంతే. రెండో గడికి బీడు పడ్డ చేను. కళ్ళు ఏరులవడం, గుండె చెరువవడం మూడో గడిలోవి. ఆ మూడో గడిలోది ఒక్క మాట కూడా నేరుగా యంత్రానికి ఇవ్వకండి. గుండె చెరువైందంటే ఛాతీలో నీళ్ళు నిండిన బొమ్మ వస్తుంది. కలువ కన్నులంటే కనుగుడ్ల స్థానంలో పూలు పూస్తాయి. చూపులతో కోసిందంటే చేతికి కత్తి వస్తుంది. మాటకూ బొమ్మకూ ఉన్న సంబంధాన్ని అది ఫోటోల కింద రాసిన వివరణల నుంచి నేర్చుకుంది. ఫోటో కింద ఎవరూ అలంకారాలు రాయరు కదా.

మూడో గడిని వెలుతురుగా, రంగుగా, దూరంగా మార్చుకోవాలి. ఇందులో ఆలోచించాల్సింది మీరే, ఏ బటనూ సాయం చేయదు. గుండె చెరువాయె అన్నచోట ఎండిపోయి నెర్రెలిచ్చిన చెరువును వెనక పెట్టి, ఆమెను కట్ట మీద చిన్నగా, దూరంగా నిలబెట్టవచ్చు. మాట చెరువు అంటోంది, బొమ్మలో చెరువుంది, నీళ్ళు లేవు. ఏడుపు కంటే అది బలంగా పనిచేస్తుంది. కన్నీళ్ళు అడిగితే ఈ మోడళ్ళు బుగ్గల మీద గాజుముత్యాలు అతికిస్తాయి. కళ్ళు ఎర్రబడి, పెదవులు ఎండి, ముఖం మీద పక్కనుంచి పడే సాయంత్రపు ఎండ అని రాయండి.

తెలుగు పాటలో కర్త చాలాసార్లు ఉండడు. రా రా అని పిలుస్తుంటే పిలిచేది తల్లా, ప్రియురాలా, భక్తుడా? వయసు, ఆడా మగా, బట్టలు మీరే తేల్చాలి. పిల్ల అని వదిలేస్తే ఎనిమిదేళ్ళ పాపను దించుతుంది. ఇరవై ఏళ్ళ యువతి అని రాయాలి. నెత్తిన గంప అంటే మట్టికుండ పెట్టే అలవాటు ఒకటుంది. నెత్తిన కుండతో ఆడవాళ్ళ ఫోటోలు లోకంలో అన్ని ఉన్నాయి మరి. వెదురు గంప, అందులో చెనిక్కాయలు అని నింపి చెబితే కుండ పోతుంది.

మన ప్రాంతం విషయంలో అయితే పేర్లు పనిచేయవు, రూపాలే రాయాలి. గండికోట అని రాస్తే ఏదో ఒక కోట వస్తుంది. ఎర్రటి రాళ్ళు పొరలు పొరలుగా నిలువునా తెగిన లోయ, అడుగున సన్నగా పెన్నానది, అంచున కోటగోడ అంటే దగ్గరికొస్తుంది. మిద్దె అనకుండా చదును పైకప్పు ఉన్న మట్టి ఇల్లు అని, కడప బండలు అనకుండా నల్లటి పలచని రాతిపలకలు పరిచిన అరుగు అని ఇంగ్లీషులో రాయండి. తలగుడ్డ అంటే రాజస్థానీ పాగా పెడుతుంది, తెల్లటి తువ్వాలు వదులుగా చుట్టిన తల అనాలి. రాగిసంగటి మాత్రం ఎంత వర్ణించినా చాక్లెట్ ముద్దలాగే వస్తోంది. దానికి ఫోటో తీసి వాడుకోవడమే మేలు.

శైలికి కూడా అంతే. తోలుబొమ్మ అని అడిగితే ఇండోనేషియా బొమ్మల పోకడ వస్తుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేసే బొమ్మలు వేరు: పలచగా గీకిన మేకతోలు, వెనక దీపం పెడితే వెలిగే ఎరుపు, ఆకుపచ్చ రంగులు, నల్లటి గీత, నగల చోట చిల్లులు. లేపాక్షి పైకప్పు చిత్రాలు కావాలన్నా మీరు తీసిన ఫోటోను రిఫరెన్సుగా జతచేయడం తప్ప దారి లేదు. ఒక మాట చెప్పాలి. ఆ తోలుబొమ్మల చేతిపని మీద కుటుంబాలు బతుకుతున్నాయి. పాటంతా ఆ శైలిలోనే కావాలనుకుంటే రెండు మూడు బొమ్మలు వాళ్ళ దగ్గర డబ్బులిచ్చి చేయించుకుని, తెర వెనక దీపం పెట్టి చిత్రీకరించండి. యంత్రం ఇచ్చేదానికంటే బాగుంటుంది కూడా.

ఇప్పుడు లెక్కలు. నాలుగు నిమిషాల పాటంటే 240 సెకన్లు. ఆదితాళం ఎనిమిది దెబ్బలు, నిమిషానికి 80 దెబ్బల వేగమైతే ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, సరిగ్గా ఆరు సెకన్లు. ఆవర్తానికొక బొమ్మ చొప్పున 40 బొమ్మలు. మార్పు తాళం మొదటి దెబ్బ మీదే పడాలి, అర సెకను తేడా వచ్చినా చెవి పట్టేస్తుంది. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి దానికి కొత్త బొమ్మలు అక్కర్లేదు. అదే బొమ్మను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రపు వెలుతుర్లలో మార్చుకుంటే చాలు. బొమ్మ నుంచి బొమ్మ చేసే పద్ధతిలో మార్పు బలాన్ని 0.3 నుంచి 0.5 మధ్య ఉంచండి. 0.7 దాటితే మనిషే మారిపోతుంది.

సొంత కంప్యూటర్‌లో ఎక్స్‌ఎల్ నడపాలంటే 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే నెట్టుకురావచ్చు. స్టెప్పులు, అంటే బొమ్మను ఎన్ని విడతల్లో తేల్చాలన్నది, 25 నుంచి 30. గైడెన్స్, అంటే మన మాటకు ఎంత కట్టుబడాలన్నది, 5 నుంచి 7. పాట మాటకు ఇంకా కట్టుబడాలని గైడెన్స్‌ను 15కు పెంచితే రంగులు మాడిపోతాయి. అడ్డం వీడియోకు 1344×768, రీల్స్‌కు 768×1344. నేరుగా 1920×1080 అడగకండి. అది దాదాపు 1024×1024 కొలతకు తగిన విస్తీర్ణంలో శిక్షణ పొందింది, అంతకు మించితే ఒకే మొండానికి రెండు తలలు, ఒకే చెట్టు రెండుసార్లు వస్తాయి. బొమ్మ కుదిరాక రెండింతలు పెంచుకోండి. అప్పుడు మెల్లగా జూమ్ చేసినా మసకబారదు. 1920 వెడల్పుకు దించితే ఎత్తు 1097 వస్తుంది, ఆ మిగిలిన 17 వరసలు పైనో కిందో కోసేయండి.

నలభై బొమ్మల్లో ఒకే మనిషి కనబడటం అన్నిటికంటే కష్టం. సీడ్ నంబరు ఒకటే పెడితే ముఖం ఒకటే వస్తుందని చానామంది అనుకుంటారు. యంత్రం ప్రతి బొమ్మనూ చెల్లాచెదురు రంగుచుక్కల నుంచి మొదలుపెడుతుంది; సీడ్ నంబరు ఆ మొదటి చుక్కలను మాత్రమే నిలుపుతుంది. మాటలు మారగానే ముఖం మారుతుంది. ముందుగా ఎదురుగా, పక్కకు, నిలువెత్తుగా మూడు బొమ్మలు కుదుర్చుకుని, వాటిని ప్రతిసారీ రిఫరెన్సుగా ఇవ్వండి. చీర వర్ణనను ఒక్క మాట కూడా మార్చకుండా అతికించండి. ఒకసారి మెరూన్, ఒకసారి ముదురు ఎరుపు అని రాస్తే రెండు చీరలు వస్తాయి. అయినా కుదరకపోతే దూరపు బొమ్మలు, వెనకనుంచి చూసే బొమ్మలు, చేతులు, పాదాలు, నేల ఎక్కువ పెట్టండి. మంచి ఛాయాగ్రాహకులు ముఖం లేకుండానే చాలా చెబుతారు.

సాహిత్యాన్ని తెర మీద వేసేటప్పుడు ఆ అక్షరాలను బొమ్మలో రాయమని అడగవద్దు. చాలా మోడళ్ళలో ఒత్తులు ఊడిపోతాయి, క్ష స్థానంలో కొత్త లిపి పుడుతుంది. అక్షరాలు ఎడిటింగ్‌లోనే యూనికోడ్ ఫాంట్‌తో వేయండి. మండలి, రామభద్ర, సూరన్న ఉచితంగా దొరుకుతాయి. ఫోటోషాప్‌లో ఒత్తు పక్కకు జారితే టైప్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోండి.

హక్కుల విషయం. మన చట్టం ప్రకారం కవి చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ దాకా సాహిత్యం మీద హక్కు ఉంటుంది. తాళ్ళపాక అన్నమయ్య 1503లో పోయారు, ఆయన మాటలు ఎవరైనా వాడుకోవచ్చు. అయితే ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరుందే గాని స్వరం లేదు. ఇవాళ మనం వినే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. మాట ఉచితమైనా బాణీ, రికార్డింగు ఉచితం కాకపోవచ్చు. బొమ్మలు నిజమైన ఫోటోల్లా ఉంటే యూట్యూబ్‌లో ఎక్కించేటప్పుడు కృత్రిమంగా చేసినవని టిక్కు పెట్టాలి. ఏ గాయకుడి ముఖమూ అడగకుండా వాడొద్దు.

మీరు తెచ్చుకున్న పాటలు తీయండి. కంప్యూటర్లు ఇంకా ఆన్ చేయొద్దు, ముందు మూడు గళ్ళు నింపండి. మూడో గడి ఎవరిది పెద్దగా ఉంటే వాళ్ళది మొదట చూద్దాం.