సపోర్ట్ అంటే చప్పట్లు కాదు, మోయడం!

నమస్తే అన్నలూ, అక్కలూ. మళ్లీ వడ్ల సీజన్, మళ్లీ అదే లొల్లి: మద్దతు ధర దక్కుతుందా, దక్కదా? ఇవాళ ఒక్క మాట గట్టిగా చెప్తా. తప్పు ఆ పేరులోనే ఉంది. ఇంగ్లీషులో సపోర్ట్ అన్నదాన్ని మనం మద్దతు అని తెలుగు చేసుకున్నాం. అక్కడే దెబ్బ తిన్నాం!

సపోర్ట్ పుట్టింది లాటిన్‌లో. సబ్ అంటే కింద, పోర్టారే అంటే మోయడం. రైల్వే స్టేషన్‌లో నెత్తిన పెట్టెలు మోసే పోర్టర్ ఉన్నాడు కదా, ఆ పేరు కూడా అదే వేరు నుంచి వచ్చింది. అంటే సపోర్ట్ చేసేవాడి భుజం నొయ్యాలి. మరి మద్దతు? మైకులో 'మా సంపూర్ణ మద్దతు' అంటారు, శాలువా కప్పుతారు, కారెక్కి పోతారు. ఏం మోసినట్టు?

చదువుకునే పిల్లలూ, ఇది కూడా వినండి. 'సపోర్ట్ టు మీ' అనకండి, 'సపోర్ట్ మీ' అనాలి. బరువుకీ మోసేవాడికీ నడుమ ఇంకో మాట కూడా దూరొద్దు. నాకు ఈ ముక్క భలే నచ్చింది.

మహబూబ్‌నగర్ కాడ పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు ఉంది, పోయారా? 2017లో చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగి పడింది. తర్వాత సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు, ఆ ఫోటోలు అందరూ చూశారు. నేను చూడమనేది కొమ్మల కింద కట్టిన సిమెంటు దిమ్మెలను. ఎవరూ వాటి ఫోటో తీయరు. కానీ సపోర్ట్ అంటే అదీ!

ఇప్పుడు వడ్ల కాడికి రండి. 2025-26కి సర్కారు చెప్పిన కనీస మద్దతు ధర సాధారణ రకం క్వింటాలుకు 2,369 రూపాయలు, 'ఏ' గ్రేడ్‌కు 2,389. కనీస ధర అన్నారంటే అంతకన్నా కిందికి పడకుండా ఎవరో పట్టుకోవాలి కదా! మా నల్గొండ దిక్కు మా చిన్నాయన పోయిన వానాకాలం కొనుగోలు కేంద్రంలో పదకొండు రోజులు కుప్ప కాడనే పండుకున్నాడు. పొద్దున వడ్లు ఆరబోయడం, మబ్బు పడితే ఉరికి పట్టా కప్పడం. మీటర్‌లో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. తీరా పెట్టాక, తరుగు అని బస్తాకు రెండు కిలోలు కోశారు. కాగితం మీద రేటు అట్లనే ఉంది, చేతికొచ్చిన పైసలు తగ్గాయి. ఆ తేడా ఎవరు మోశారు? మా చిన్నాయన! మరి ఇక్కడ ఎవరు ఎవరికి సపోర్ట్ చేసినట్టు?