తూటా ఎక్కడ తగిలింది? మీరు చూశారా?

నమస్కారం. పేల్చిన తూటా ఎక్కడ తగిలిందో రైఫిల్ మీద బిగించిన స్కోపులోంచి, అంటే గురి చూసే దుర్భిణిలోంచి, మీరే చూడగలుగుతున్నారా? పోటీల్లో కాల్చేవారికీ, వేటగాళ్లకీ ఇది ఒకే విద్య అని చాలామంది నమ్మకం. నేను ఒప్పుకోను. వేటలోనే ఇది కష్టం, వేటలోనే ఇది మరీ అవసరం.

ముందు పోటీల సంగతి. 1000 మీటర్ల దూరంలో ఇనుప పలక. తూటా అక్కడికి చేరేసరికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. ఈలోగా రైఫిల్ వెనక్కి తన్ని, మళ్లీ కుదురుకుంటుంది కూడా. ఆ రైఫిల్ బరువు 9, 10 కిలోలు, తూటా 6 మిల్లీమీటర్ల సన్నది, గొట్టం చివర వెనక్కి తన్నే జోరును తగ్గించే మజిల్ బ్రేక్. అందుకే పలక స్కోపులోంచి జారిపోదు. తూటా తగిలితే తెల్ల రంగు మీద బూడిద మచ్చ పడుతుంది, తప్పితే వెనక దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము అర మీటరు ఎడమకు లేచిందనుకోండి. స్కోపులోని గీతలు మిల్ అనే కోణపు కొలతలో ఉంటాయి. 1000 మీటర్ల దగ్గర ఒక మిల్ అంటే ఒక మీటరు కాబట్టి, అర మిల్ కుడికి గురిపట్టి మళ్లీ కాల్చడమే. తడి నేల మీద దుమ్ము లేవదు. అలాంటప్పుడు సైనిక జట్లలో మాదిరిగా వెనక కూర్చుని దుర్భిణితో తూటాను గమనించే స్పాటరే దిక్కు. గాలిని చీల్చుకుంటూ తూటా పోయిన జాడ అతనికి సన్నని నీటి అలలా కనిపిస్తుంది.

ఇక వేట. జింక 200 మీటర్లలో ఉంది. దగ్గరే కదా, సులువుగా కనిపిస్తుందనుకుంటాం. కానీ తూటా పావు సెకనులో చేరిపోతుంది. చేతిలోది నాలుగు కిలోల రైఫిల్, అందులో పెద్ద తూటా. తగిలే క్షణానికి స్కోపు ఇంకా పైకి ఎగిరే ఉంటుంది. మీకు కనిపించేది ఆకాశం.

అక్కడ చూడాల్సింది దుమ్మును కాదు, జంతువును. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే అది తరచుగా వెనక కాళ్లు విదిలించి, ఒక్క ఉదుటున పరుగు తీస్తుంది, ఎక్కువ దూరం పోకుండానే పడిపోతుంది. కడుపులో తగిలితే వీపు విల్లులా వంచుకుని మెల్లగా నడిచిపోతుంది. దాన్ని వెంటనే తరమకూడదు. కొన్ని గంటలు ఆగాలి. తరిమితే ఆ నొప్పితోనే చాలా దూరం పోతుంది, దొరకదు. ఈ తేడా కనిపించేది ఒకటి రెండు సెకన్లే. దాన్ని వదులుకోవడం ఆ ప్రాణికి చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

అందుకే వేటలో స్కోపును 15 రెట్లు పెద్దగా చూపేలా ఉంచకండి. 6కు తగ్గిస్తే కనిపించే మేర రెండున్నర రెట్లు వెడల్పవుతుంది, రైఫిల్ ఎగిరినా జంతువు అందులోనే ఉంటుంది. ఒంటిని పక్కకు కాకుండా రైఫిల్ వెనకే తిన్నగా ఉంచండి, అప్పుడది ఓ పక్కకు కాక సూటిగా వెనక్కి వస్తుంది. పేలాక ట్రిగ్గర్‌ను ఒక క్షణం అలాగే నొక్కి ఉంచండి. రైఫిల్ మీంచి చెంప ఎత్తకుండానే, తర్వాతి తూటా ఎక్కించే బోల్టు లాగండి. మజిల్ బ్రేక్ తన్నును తగ్గిస్తుంది గానీ, దాని చప్పుడు పక్కనున్నవారి చెవులకు ప్రమాదం. చట్టం ఒప్పుకునే చోట నేనైతే చప్పుడు తగ్గించే సప్రెసరే వాడమంటాను.

చెవిని కూడా నమ్మండి. తూటా తగిలిన మొద్దు చప్పుడు 200 మీటర్ల నుంచి రావడానికి అర సెకనుకు పైనే పడుతుంది, కాబట్టి పేలుడు వెనకే విడిగా వినిపిస్తుంది.

లేచే ముందు ఒక పని చేయండి. జంతువు ఏ పొద పక్కన నిలబడిందో, చివరిసారి ఏ చెట్టు వెనక మాయమైందో కాల్చిన చోటి నుంచే గుర్తుపెట్టుకోండి, వీలైతే ఫోనులో ఫొటో తీయండి. 200 మీటర్లు నడిచి వెళ్లాక ఆ పొదలన్నీ ఒకేలా కనిపిస్తాయి.