వదినగారి కోసం అమ్మ రాస్తున్న నోటుబుక్కు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఎడిసన్, న్యూజెర్సీ నుంచి మళ్ళీ వచ్చాను. ఇప్పుడు పొద్దున ఐదున్నర. బయట ఇంకా చీకటి. కారు అద్దాల మీద మంచు తెల్లగా పేరుకుంది. వంటింట్లో లైటు వెలుగుతోంది కదా, అక్కడ శాలువా కప్పుకుని రాసుకుంటున్నది మా అమ్మ. ఏం రాస్తోందో కాసేపట్లో చూపిస్తాను. బాబు ముఖం ఎప్పటిలాగే చూపించను, చిన్న చేతులూ కాళ్ళూ కనిపిస్తాయి.

ఇంకో ఐదు రోజుల్లో అమ్మానాన్నలు తెనాలి వెళ్ళిపోతున్నారు. జులై 13న దిగారు, జనవరి 12 దాకా ఉండమని ఇచ్చారు. వీసా పదేళ్ళకి ఉన్నా, ఒక విడతలో ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే ప్రవేశ రికార్డు. మీ పెద్దవాళ్ళు దిగిన రోజే ఆన్‌లైన్‌లో ఆ తేదీ చూసి పెట్టుకోండి. పొడిగింపుకి దరఖాస్తు పెట్టొచ్చు గానీ నాన్న ఒప్పుకోలేదు. అమ్మ మోకాలు ఇంక ఈ చలికి ఆగదన్నారు. వాళ్ళు వెళ్ళిన రెండు రోజులకి మా అత్తయ్యగారు, మామయ్యగారు వస్తారు. మనలో చాలా ఇళ్ళల్లో జరిగేదే, ఒకళ్ళ ఆరు నెలలు అయ్యాక ఇంకొకళ్ళ ఆరు నెలలు. ఈ రెండు జంటలూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండానే, ఆకాశంలోనే ఎదురై పోతున్నారు. అందుకే అమ్మ ఆ నోటుబుక్కు మొదలుపెట్టింది. పై అట్ట మీద ‘వదినగారికి’ అని రాసింది.

బాబు ఆగస్టు 3న పుట్టాడు. వాడికి మొదటి స్నానం చేయించిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడవడమే అన్నారు డాక్టరు. అది ఊడాక అమ్మ బాత్‌రూమ్‌లోకి వెళ్ళి నాలుగు వైపులా చూసింది. నేల మీద నీళ్ళు పోస్తే పోయే దారి లేదు, ఉన్నది టబ్ ఒకటే. చీర మోకాళ్ళ పైకి దోపుకుని నేరుగా టబ్‌లోకి దిగి కూర్చుంది. కాళ్ళు బార్లా చాపి, వాటి మీద వాణ్ణి పడుకోబెట్టుకుని, మోచేత్తో వేడి చూసుకుని చెంబుతో పోయడం మొదలుపెట్టింది. నేను తొమ్మిది నెలలు పుస్తకాలు చదివీ, వీడియోలు చూసీ వణికిపోతున్నాను. ఆవిడ చేతుల్లో వాడు ఒక్కసారి కూడా ఏడవలేదు. స్నానం అయ్యాక సాంబ్రాణి వేద్దామంటే పొగ అలారం మోగింది. పసివాడి ఊపిరితిత్తులకి ఏ పొగా మంచిది కాదని డాక్టరు చెప్పాక అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మెత్తటి పాత చీర ముక్కతో తల ఆరబెడుతుంది. కాటుక కంటికి పెట్టడం లేదు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. ఆముదం దీపానికి పట్టిన మసితో అరికాల్లో చిన్న దిష్టి చుక్క, అంతే.

అన్నీ ఇంత సులువుగా జరగలేదండీ. ఆవాల దిండు సంగతి చెప్పాలి, ఈ వీడియో చేయాలనుకున్నదే దాని గురించి.

మన దగ్గర పిల్లలకి తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి దిండు కుడతారు కదా. అమ్మ దానికోసం తన పెళ్ళినాటి నూలు చీర ముక్క ఇంటి నుంచి తెచ్చుకుంది. ఆవాలు ఇక్కడ కొనిపించుకుని, నేను ఆసుపత్రిలో ఉన్న రెండు రోజుల్లో చేత్తో కుట్టింది. ఇంటికి రాగానే తొట్టిలో పెట్టబోతే నేను లాగేశాను. “అమ్మా, అది పెడితే వాడికి ఊపిరాడదు, ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్తారు?” అని అరిచాను. అప్పటికి నాకు మూడు రాత్రులుగా నిద్ర లేదు, కుట్లు నొప్పి. అవి కారణాలే గానీ ఆ మాటకి మందు కావు. అమ్మ ఏమీ అనలేదు. దిండు తీసి తన పెట్టెలో పెట్టుకుంది. తర్వాత రెండు రోజులు, తొట్టిలోంచి వాణ్ణి ఎత్తుకోవాలంటే “తీసుకోనా?” అని నన్ను అడిగి తీసుకుంది. నన్ను కని పెంచిన మనిషి నా దగ్గర అనుమతి తీసుకుంటోంది.

నెల చెకప్‌కి అమ్మని కూడా తీసుకెళ్ళాను. ఇది మీ అందరికీ చెప్పాలి: చాలా క్లినిక్‌లలో ఫోన్లో తెలుగు దుబాసీ దొరుకుతారు. ముందే అడగండి. అల్లుడో కూతురో మధ్యలో ఉండి చెప్తే అది మన అభిప్రాయంలాగే వినిపిస్తుంది. డాక్టరు స్పీకర్ ఫోన్ పెట్టి, నన్ను కాదు, అమ్మనే చూస్తూ మాట్లాడారు. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టొద్దని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం మొదటిసారి చెప్పింది 1992లో, వెల్లకిలా పడుకోబెట్టమని ఊరూరా ప్రచారం మొదలైంది 1994లో, ఆ తర్వాత నిద్రలో కారణం తెలియకుండా చనిపోయే పసివాళ్ళ సంఖ్య దాదాపు సగానికి తగ్గింది అని చెప్పారు. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన ఒక దుప్పటి, ఇంకేమీ ఉండకూడదు. దిండు వద్దు, బొంత వద్దు, బొమ్మలు వద్దు.

నేను పుట్టింది 1992లోనే. తెనాలిలో అమ్మకి ఇవన్నీ ఎవరు చెప్తారు? అందరు తల్లులూ చేసిందే తనూ చేసింది.

అమ్మ అంతా విని ఒకటే అడిగింది. “మరి తల ఒకవైపు చపటగా అయిపోతే ఎలాగమ్మా?” డాక్టరు నవ్వి, చాలా మంచి ప్రశ్న అన్నారు. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే కూర్చుని, రోజులో కొన్నిసార్లు బోర్లా పడుకోబెట్టమన్నారు. పడుకోబెట్టేటప్పుడు ఒకరోజు తల ఇటు, ఒకరోజు అటు ఉండేలా చూడమన్నారు. ఆ రోజు నుంచి బోర్లా పడుకోబెట్టడం పూర్తిగా అమ్మ చేతికి వెళ్ళింది. చాప పరిచి, ఎదురుగా తనూ బోర్లా పడుకుని, వాడితో కబుర్లు చెప్పేది. ఆవాల దిండు ఇప్పుడు సోఫాలో ఉంది. బాబుకి సీసాతో పాలు పట్టేటప్పుడు అమ్మ తన మోచేతి కింద పెట్టుకుంటుంది.

అక్టోబరు ఆఖరున నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాను. న్యూజెర్సీలో కాన్పు తర్వాత కోలుకోవడానికి మామూలుగా ఆరు వారాలు, బిడ్డతో గడపడానికి ఇంకో పన్నెండు వారాల దాకా, జీతంలో కొంత భాగంతో సెలవు దొరుకుతుంది. ఆ పన్నెండులో ఆరు వాడుకుని, మిగతాది బాబుకి ఏడాది నిండేలోపు తీసుకుందామని దాచుకున్నాను. నేను వెళ్ళిన వారంలోనే, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరిగాయి. వాడికి గడియారంతో పనేముంది, ఆరింటికి లేచేవాడు ఐదింటికే లేచి కూర్చోబెట్టాడు అందర్నీ. ఇండియాకీ మనకీ తొమ్మిదిన్నర గంటల తేడా పదిన్నర అయింది. పిన్నితో అమ్మ రోజూ మాట్లాడే వేళ కుదరకుండా పోయింది. సాయంత్రం ఐదింటికల్లా చీకటి. సెప్టెంబర్లో రూజ్‌వెల్ట్ పార్కులో అమ్మకి దొరికిన ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళు, వాళ్ళూ మనవల కోసం వచ్చినవాళ్ళే, చలికి ఇళ్ళల్లోనే ఉండిపోయారు.

ఒకరోజు ఆఫీసులో భోజనం టైములో బాబుని చూద్దామని ఫోన్లో ఇంటి కెమెరా తెరిచాను. వాడు నిద్రపోవడం లేదు, అమ్మ ఒళ్ళో ఉన్నాడు. అమ్మ వాడితో మాట్లాడుతోంది. “మన పెరట్లో నందివర్ధనం ఈపాటికి విరగబూసి ఉంటుందిరా. మీ పిన్నమ్మమ్మ నీళ్ళు పోస్తోందో లేదో. నిన్న మోకాలు పట్టేసింది, మీ అమ్మకి చెప్పకు. అది ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తుంది.” వాడు ఊ కొడుతున్నాడు. టైము ఒంటిగంటన్నర. వెనకాల టేబుల్ మీద అమ్మ కంచం మూత పెట్టి ఉంది, ఇంకా తినలేదు.

చాటుగా విన్నాననిపించి ఆ సాయంత్రమే అమ్మకి చెప్పేశాను. కెమెరా తొట్టి మీద మాత్రమే ఉండేలా తిప్పేశాను. మావారూ నేనూ కూర్చుని లెక్క చూసుకున్నాం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా, అంటే పది గంటలు, అరవై దాటిన ఇద్దరు మనుషులు నాలుగు గోడల మధ్య ఉంటున్నారు. కారు నడపడం రాదు, ఏ ఇంటి తలుపు తట్టాలో తెలియదు. మనం దాన్ని ‘అమ్మావాళ్ళు ఉన్నారుగా’ అని ఒక్క మాటలో తేల్చేస్తున్నాం. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అప్పటి నుంచి మావారు మంగళ, గురువారాలు ఇంటి నుంచి పని చేస్తున్నారు. మధ్యాహ్నం గంటసేపు బాబు ఆయన దగ్గర. ఆ గంట అమ్మ కూర్చుని తింటుంది, పిన్ని నిద్రపోకముందే ఫోన్ చేసుకుంటుంది. రాత్రి పది తర్వాత పాలు పట్టడం మా ఇద్దరి వంతే, అమ్మని లేపం. పెద్దవాళ్ళ మందుల గురించి కూడా ఒక మాట: నాన్న బీపీ మాత్రలు ఆరు నెలలకీ సరిపడా, డాక్టరు చీటీతో సహా తెచ్చుకున్నారు. విజిటర్ ఇన్సూరెన్సు తీసుకున్నాం గానీ, అంతకుముందే ఉన్న జబ్బులకి అది మామూలుగా వర్తించదు. షరతులు పూర్తిగా చదివి తీసుకోండి.

నాన్న సంగతి వేరు. ఆయన ముప్ఫై ఆరేళ్ళు కరెంటు ఆఫీసులో చేశారు, లైన్‌మన్‌గా మొదలై లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో థామస్ ఎడిసన్ స్మారక స్తంభం ఉంది, పైన పెద్ద బల్బు ఆకారం ఉంటుంది. 1876లో ఆయన ప్రయోగశాల పెట్టిన మెన్లో పార్క్ ఇదే, 1879లో బల్బు వెలిగించింది ఇక్కడే. మా ఊరికి ఎడిసన్ అని పేరు మార్చింది మాత్రం 1954లో, అంతకుముందు రారిటన్ టౌన్‌షిప్. నేను ఇక్కడ ఏడేళ్ళుగా ఉంటూ ఒక్కసారి కూడా ఆగి చూడలేదు. నాన్న వచ్చిన వారానికే కనుక్కున్నారు. బాబుకి రెండు నెలలు వచ్చాక, ఎండ ఉన్న రోజల్లా స్ట్రోలర్‌లో పెట్టుకుని క్రిస్టీ స్ట్రీట్‌లోకి తీసుకెళ్ళేవారు. ఎడిసన్ బల్బులతో వెలిగిన తొలి వీధి అది. స్తంభం ముందు ఆగి “ఈయన వెలిగించాడు, మీ తాత స్తంభాలెక్కి ఇంటింటికీ ఇచ్చాడు” అని చెప్పేవారట. అమ్మ చెప్పింది నాకు.

సరే, ఇప్పుడు నోటుబుక్కు చూపిస్తాను. అమ్మ ఒప్పుకుంది.

మొదటి పేజీలో టైములు. రెండో పేజీ: ‘విటమిన్ డి చుక్కలు పొద్దున స్నానం ముందు. 400 అని సీసా మీద ఉంటుంది. కిటికీ ఎండలో కూర్చోబెడితే చాలనుకున్నాను గానీ అద్దంలోంచి ఆ బలం రాదట.’ ఇంకో పేజీ: ‘తేనె ఏడాది దాకా నాకించకూడదు వదినగారూ. వస కొమ్ము నేనూ తెచ్చాను, డాక్టరు వద్దంది. మీరు తేనక్కర్లేదు.’ దీని కింద నాన్న రాత: ‘బావగారికి: కారు సీట్లో లావు కోటు వేసి కూర్చోబెట్టకూడదు, బెల్టు వదులవుతుంది. బెల్టు పెట్టాక పైన దుప్పటి కప్పండి. స్తంభానికి దారి వెనక పేజీలో గీశాను.’

ఈ పేజీ దగ్గరే నేను నిన్న రాత్రి చదవడం ఆపేశాను. మగపిల్లాడు కదా, అన్నప్రాశన ఆరో నెలలో. మొన్న 3వ తేదీతో ఐదు నిండి ఆరో నెల వచ్చింది, కానీ ధనుర్మాసం నడుస్తోంది, సంక్రాంతి దాటితే గానీ ముహూర్తం లేదు. అమ్మావాళ్ళు భోగికి ముందే వెళ్ళిపోతారు. అమ్మ ఇలా రాసింది:

‘నవ్వినప్పుడు నువ్వుండలు చేశాను. బోర్లా పడినప్పుడు బొబ్బట్లు చేసి ఇరుగుపొరుగుకి పంచాను, ఎదురింటి తెల్లవాళ్ళు కూడా తిన్నారు. కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు మీ చేతి మీదుగా జరగాలి. బెల్లం, బియ్యప్పిండి పై అరలో పెట్టాను. ఉగ్గు పిండి వేయించి, దంచి, జల్లించి సీసాలో ఉంచాను. అన్నప్రాశన రోజు ఫోన్ చేయండి, మాకు అర్ధరాత్రయినా సరే.’

నేనేమీ అనలేదు. వెళ్ళి అమ్మ మోకాలికి నూనె రాశాను. ఆవిడ రాయించుకుంది.

ఈ పొద్దున రాస్తున్నది ఆఖరి పేజీ. ఇదిగో, ఇప్పుడే కలం పక్కన పెట్టి, బాబు లేచాడని లోపలికి వెళ్ళింది. చదువుతాను.

‘మధ్యాహ్నం మూడుంబావుకి ఏడుపు మొదలెడతాడు. ఆకలి కాదు. ముందు గదిలో కిటికీ దగ్గర ఎత్తుకుని నిలబడితే పసుపు రంగు స్కూలు బస్సు వస్తుంది. అది చూస్తే ఊరుకుంటాడు. డ్రైవరమ్మ మనకి చెయ్యి ఊపుతుంది. మీరూ ఊపండి వదినగారూ, లేకపోతే మేము ఏమైపోయామో అనుకుంటుంది.’